మంగోలియా పశువుల కాపరుల గెర్‌లో పని చేస్తూ ఉండాలంటే ఏం చేయాలి?

మంగోలియాలో ఒక కాపరి కుటుంబంతో, వాళ్ల గెర్‌లో (ఉన్ని కప్పిన గుండ్రటి గుడారం) మూడు వారాలు ఉండొచ్చానని తెలిసిన దగ్గర్నుంచి అందరూ అడిగేది ఒకటే. "మేమూ వెళ్లాలనుకుంటున్నాం. టూరిస్టుల్లా చూసొచ్చేయడం కాదు, వాళ్లతో కలిసి పని చేస్తూ ఉండాలి. ఎలా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి మొత్తం ఇక్కడ రాసేస్తున్నాను.

ముందే ఒక మాట చెప్తాను, నొచ్చుకోకండి. వాళ్లకి మీ పనితో అవసరం లేదు. మొదటి మూడు నాలుగు రోజులు మీరే వాళ్లకి పని పెంచుతారు. కుక్క మిమ్మల్ని కరవకుండా చూసుకోవాలి, గుర్రం మీంచి పడకుండా చూసుకోవాలి, అన్నం తిన్నారా లేదా కనుక్కోవాలి. ఆ భారానికి డబ్బిచ్చి, పని నేర్చుకోవడానికి వచ్చిన మనిషిగా వెళ్లండి. "నేను సాయం చేస్తున్నాను కదా, తిండీ పడకా ఊరికే ఇవ్వాలి" అనే లెక్కతో వెళ్తే రెండు వైపులా మొహమాటమే.

ఇంకోటి. "ఒరిజినల్‌గా ఉండాలి" అంటూ సోలార్ ప్యానెల్, మోటార్ సైకిల్, టీవీ కనపడగానే డీలా పడిపోయేవాళ్లున్నారు. సంచార కుటుంబాలకి సోలార్ ప్యానెళ్లు అందించే ప్రభుత్వ పథకం లక్ష గెర్‌ల లక్ష్యంతోనే నడిచింది, 2012 నాటికి కాపరుల్లో దాదాపు 70 శాతం మందికి కరెంటు వచ్చేసింది. గొర్రెల్ని మోటార్ సైకిల్ మీద తోలుకొచ్చే కుర్రాడే అసలైన కాపరి. పట్టు డీల్ తొడుక్కుని ఫొటోకి నిలబడే కుటుంబాన్ని చూస్తేనే అనుమానపడండి. (డీల్ అంటే వాళ్ల పొడుగు అంగరఖా.)

కావలసినవి

- కనీసం పది రోజులు. మూడు రోజులకైతే వెళ్లొద్దు, అది అతిథి మర్యాదలకే సరిపోతుంది.
- వేసవిలోనైనా ఉన్ని బట్టలు, గాలి చొరబడని జాకెట్, చీలమండ దాకా ఉండే బూట్లు. ఆగస్టులో పగలు చెమటలు పడతాయి, తెల్లవారుజామున పళ్లు టకటకలాడతాయి.
- స్లీపింగ్ బ్యాగ్, తలకి కట్టుకునే టార్చి, పవర్ బ్యాంక్, పనికి పనికొచ్చే చేతి తొడుగులు.
- గుర్రం ఎక్కాలనుకుంటే హెల్మెట్. అక్కడ అడిగితే నవ్వుతారు, నవ్వనివ్వండి.
- గుర్రపు స్వారీలో తగిలే దెబ్బలకీ వర్తించే ప్రయాణ బీమా. చాలా పాలసీల్లో అది ఉండదు, షరతులు చదివి తీసుకోండి.
- రేబిస్ ముందస్తు టీకా గురించి డాక్టర్‌తో మాట్లాడటం. దీన్ని వాయిదా వేయకండి. కాపలా కుక్కలున్న చోటికి వెళ్తున్నారు, ఆస్పత్రి గంటల దూరంలో ఉంటుంది.
- చిన్న నోట్లలో తుగ్రిక్‌లు. వాళ్ల పెద్ద నోటే 20,000. సోమ్ (మన మండలం లాంటిది) కేంద్రం దాటాక కార్డు మాట మర్చిపోండి.
- కానుకలు: పిండి, బియ్యం, టీ, బ్యాటరీలు, గట్టి తాడు, పిల్లలకి నోట్‌బుక్‌లు. మందు సీసా వద్దు. తాగుడుతో అవస్థ పడే ఇళ్లు అక్కడా ఉన్నాయి, మీరు వెళ్లేది అలాంటి ఇంటికో కాదో మీకు తెలియదు.

1. ముందు నెల తేల్చుకోండి

ఏ నెలలో వెళ్తే ఆ పనే దొరుకుతుంది.

మార్చి, ఏప్రిల్‌లో గొర్రెలు, మేకలు ఈనుతాయి. ఏప్రిల్, మే నెలల్లో మేకల్ని దువ్వి కశ్మీరు ఉన్ని తీస్తారు. పని ఎక్కువ, మనుషులు తక్కువ, వాతావరణం మాత్రం దారుణం. దుమ్ము తుఫాను ఒకరోజు, మంచు మర్నాడు. అలవాటున్నవాళ్లకే ఇది. మొదటిసారి వెళ్లేవాళ్లు జులై మూడోవారం నుంచి సెప్టెంబర్ మధ్య దాకా ఉన్న కాలం చూసుకోండి. ఆవులు, యాక్‌లు (జడల బర్రెలు) పాలిస్తుంటాయి, గుర్రాల పాలు మొదలవుతాయి, పెరుగు ఎండబెడుతుంటారు.

జులై 11 నుంచి 13 వరకు నాదమ్ పండుగ. ఆ వారం బస్సుల్లో సీటు దొరకదు, కాపరులు కూడా గుర్రప్పందేలకి వెళ్లిపోతారు. పండుగ చూడాలనుంటే చూడండి, పనికి మాత్రం తర్వాత వెళ్లండి. సెప్టెంబర్ 1న బడులు తెరుస్తారు. పిల్లలు సోమ్ కేంద్రంలోని హాస్టళ్లకి వెళ్లిపోతారు, ఇంట్లో చేతులు తగ్గుతాయి. మీరు కాస్త నిజంగా పనికొచ్చేది అప్పుడే.

2. ప్రాంతం

మంగోలియాలో 21 ఐమాగ్‌లున్నాయి, అంటే మన జిల్లాల్లాంటివి. ఐమాగ్ కింద సోమ్, సోమ్ కింద బగ్. మొదటిసారికి అర్ఖాంగాయ్ నా ఓటు. పచ్చిక, నీళ్లు, యాక్‌లు, పాల పనులు అన్నీ ఉంటాయి, తారు రోడ్డు కూడా ఉంది. గుర్రప్పాల మీద ఆసక్తి ఉంటే బుల్గాన్. ఒంటెలైతే గోబీ, కానీ అక్కడ నీళ్లకి కటకట.

"రెయిన్‌డీర్‌లు పెంచే త్సాతన్‌ల దగ్గరికి వెళ్లాలి" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. కొన్ని వందల మంది ఉన్న సమూహం అది. దారి కష్టం, సరిహద్దు ప్రాంతం కాబట్టి వేరే అనుమతి కావాలి, ఇప్పటికే వచ్చేపోయేవాళ్లతో విసిగి ఉన్నారు. మొదటి ప్రయాణానికి వద్దని నా సలహా.

3. కుటుంబాన్ని వెతకడం

నేను మొదటిసారి మోసపోయింది ఇక్కడే. ఇంటర్నెట్‌లో చూసి ఒక సంస్థ ద్వారా బుక్ చేసుకున్నాను. వెళ్లి చూస్తే వరసగా ఎనిమిది గెర్‌లు, అన్నింట్లో ఒకే రకం మంచాలు, తెల్ల దుప్పట్లు. "కుటుంబం" పొద్దున తొమ్మిదికి జీపులో వచ్చి, ఆవుని కట్టి పాలు పితికి చూపించి, సాయంత్రం వెళ్లిపోయింది. ఆ ఆవు కూడా నాలాగే బుక్ చేసుకుని వచ్చిందేమోనని అనుమానం వచ్చింది.

డబ్బు పంపే ముందు మధ్యవర్తిని ఈ ప్రశ్నలు అడగండి:

- ఈ కుటుంబం ఇప్పుడు ఏ సోమ్‌లో, ఏ బగ్‌లో ఉంది? నేను వచ్చే నెలలో ఎక్కడ ఉంటుంది?
- ఏ ఏ పశువులున్నాయి? ఇప్పుడు ఏవి పాలిస్తున్నాయి?
- నేను పడుకునేది వాళ్ల గెర్‌లోనా, వేరే గెర్‌లోనా?
- రోజుకి నేనిచ్చే దాంట్లో కుటుంబం చేతికి ఎంత వెళ్తుంది?
- ఈ ఏడాది ఇప్పటిదాకా ఎంతమంది అతిథులు వచ్చారు?

మొదటి ప్రశ్నకి తడుముకుంటే అక్కడితో ఆపేయండి. "ఇంకా చెప్పలేం, గడ్డిని బట్టి ఉంటుంది" అన్నారా, అది మంచి జవాబు. చివరి ప్రశ్నకి "వారానికో గుంపు" అంటే అది హోటల్.

మధ్యవర్తి లేకుండా కూడా వెళ్లొచ్చు. సోమ్ కేంద్రానికి వెళ్లి బగ్ పెద్దని, 'బగియిన్ దర్గా'ని, కలవండి. తన బగ్‌లో ఏ కుటుంబం ఏ లోయలో ఉందో ఆయనకి నోటికొచ్చు. కానీ మంగోలియన్ వచ్చిన మనిషి వెంట లేకుండా ఇది జరిగే పని కాదు. ఉలాన్‌బాతర్‌లో చదువుకునే కుర్రాళ్లలో చాలామందికి ఊళ్లో బాబాయో పెదనాన్నో ఉంటారు. అలాంటి ఒకరిని నాలుగు రోజులకి దుబాసీగా కుదుర్చుకుని వెంట తీసుకెళ్లడం అన్నిటికన్నా మంచి దారి. నాకు రెండోసారి కలిసొచ్చింది అదే.

4. వీసా, డబ్బు

టూరిస్ట్ వీసా మీద జీతానికి పని చేయకూడదు. మీరు డబ్బిచ్చి ఉండే అతిథి, ఇంటి పనుల్లో చేయి వేస్తున్నారు, అంతే. ఆ గీత దాటకండి. 30 రోజులు దాటి ఉండాలనుకుంటే ఇమిగ్రేషన్ ఏజెన్సీలో రిజిస్ట్రేషన్ సంగతి ముందే కనుక్కోండి. అడవిలో కూర్చున్నాక గుర్తొస్తే లాభం లేదు.

రోజుకి ఎంత అన్నది మొదటి రోజే, దుబాసీ ఉండగానే తేల్చుకోండి. ఇచ్చేటప్పుడు ఇంటావిడ చేతికి, కుడి చేత్తో ఇవ్వండి, ఎడమ చెయ్యి కుడి మోచేతికి ఆనించి. పిల్లల చేతికి డబ్బు ఇవ్వకండి.

5. చేరుకోవడం

చెంగిస్ ఖాన్ విమానాశ్రయం 2021లో మొదలైంది, ఊరికి 50 కిలోమీటర్ల దూరం. ఉలాన్‌బాతర్ నుంచి అర్ఖాంగాయ్ కేంద్రం త్సెత్సెర్లెగ్ దాదాపు 450 కిలోమీటర్లు. బస్సులో పగలంతా పోతుంది. అక్కడి నుంచి సోమ్ కేంద్రానికి ఏదో ఒక వ్యాను, సోమ్ నుంచి గెర్‌కి వాళ్లే వచ్చి తీసుకెళ్తారు.

గెర్‌కి అడ్రస్ ఉండదు. మీరు మాట్లాడుకున్న నాటికీ వెళ్లే నాటికీ మధ్య వాళ్లు ఇంకో లోయకి మారి ఉండొచ్చు. అందుకని కలుసుకునే చోటు ఎప్పుడూ సోమ్ కేంద్రమే పెట్టుకోండి, ఒక రోజు అటూ ఇటూ ఖాళీ ఉంచుకోండి. "రేపు పొద్దున్నే వస్తాను" అంటే రేపు సాయంత్రం లోపు అని అర్థం.

6. గెర్‌లో అడుగు పెట్టడం

దూరం నుంచే "నోఖోయ్ ఖోర్!" అని అరవండి. 'కుక్కని పట్టుకోండి' అని అర్థం. కుక్క లేకపోయినా వచ్చామని తెలియజేసే పిలుపు అదే. ఎవరైనా బయటికి వచ్చేదాకా బండి దిగకండి.

గడప తొక్కకండి, దాటండి. లోపలికి వెళ్లాక ఎడమ పక్కకి తిరగండి, అతిథుల వైపు అది. తలుపుకి ఎదురుగా, ఉత్తరం వైపు ఉన్న చోటు పెద్దలది, రమ్మంటేనే అక్కడికి. నడుమ ఉన్న రెండు గుంజల మధ్య నుంచి నడవకూడదు, వాటికి ఆనుకోకూడదు. పొయ్యి వైపు కాళ్లు చాపకూడదు, అందులో చెత్త వేయకూడదు. పొరపాటున ఎవరి కాలికైనా మీ కాలు తగిలితే వెంటనే చెయ్యి కలపాలి. మనం కళ్లకద్దుకుంటాం, వాళ్లు చేతులు కలుపుతారు.

ఏమిచ్చినా కుడి చేత్తో గాని రెండు చేతులతో గాని తీసుకోండి. ఉప్పు వేసిన పాల టీ, 'సూతె చాయ్', వస్తుంది. ఒక్క గుక్కైనా తాగాలి.

వయసులో పెద్దవాళ్లని పేరు పెట్టి పిలవకండి. పేరు చివర మగవాళ్లకి 'అఖ్', ఆడవాళ్లకి 'ఎగ్చ్' చేర్చండి. అన్న, అక్క. మనకి ఇదేమీ కొత్త కాదు కాబట్టి ఈ ఒక్క విషయంలో ముందుంటాం.

"మల్ సురెగ్ తర్గన్ ఊ?" అంటే 'పశువులు బలంగా ఉన్నాయా?' అని. ఇది కుశల ప్రశ్న, ధైర్యంగా అడగండి. "మీకు ఎన్ని పశువులున్నాయి?" అని మాత్రం మీ అంతట మీరు అడగకండి. బ్యాంకులో ఎంతుంది అన్నట్టే అది. పైగా 2023-24 చలికాలంలో వచ్చిన 'జుద్'లో (పశువులకి మేత దొరక్కుండా చేసే భయంకరమైన చలి, మంచు) దేశం మొత్తం మీద 70 లక్షలకి పైగా పశువులు చచ్చిపోయాయి. మీ ఎదురుగా ఉన్నాయన మందలో ఎన్ని పోయాయో మీకు తెలియదు.

7. మొదటి మూడు రోజులు: పిడకలు, నీళ్లు, దూడలు

వెళ్లగానే గుర్రం, లాసో కర్ర అంటూ కలలు కనకండి. మీకు దొరికే మొదటి పని 'అర్గల్' ఏరడం. మన ఏరు పిడకలే. పచ్చికలో పడి దానంతటదే ఎండిన పేడని ఏరుకొచ్చి పొయ్యిలో వాడతారు. వీపుకి బుట్ట తగిలించుకుని, పొడుగు కర్ర ఉన్న పారతో పేడని ఎత్తి భుజం మీంచి వెనక్కి బుట్టలోకి విసరాలి. చూడ్డానికి ఏముంది అనిపిస్తుంది. నేను విసిరిన మొదటి పది పిడకల్లో మూడు బుట్టలో పడ్డాయి, రెండు నా మెడ మీద పడ్డాయి, మిగతావి ఎటు పోయాయో తెలియదు. వాళ్ల ఆరేళ్ల పాప వెనకే నడుస్తూ అన్నీ ఏరి బుట్టలో వేసింది.

మంచి అర్గల్ తేలిగ్గా ఉంటుంది, తడితే బోలుగా మోగుతుంది. పైన తెల్లబారి ఉంది కదా అని ఎత్తేయకండి, తిరగేసి చూడండి. అడుగున నల్లగా, చల్లగా తగిలితే వదిలేయండి. తడిది ఒక్కటి పొయ్యిలో పడ్డా గెర్ అంతా పొగ కమ్ముకుంటుంది, రాత్రి అందరి కళ్లూ మంటలు.

నీళ్లు ఏటి నుంచో బావి నుంచో క్యాన్లలో వస్తాయి. ఒక రోజు మీరు మోస్తే ఒంటికి ఎన్ని నీళ్లు పోసుకోవాలో ఎవరూ చెప్పక్కర్లేదు. ఏట్లోకి దిగి సబ్బు రుద్దుకోకండి, పక్కకి తెచ్చుకుని వాడండి.

సాయంత్రం దూడల పని. నేల మీద పొడుగ్గా కట్టిన తాడుకి దూడలుంటాయి. ఒక్కో దూడని విప్పి తల్లి దగ్గరికి వదలాలి. రెండు గుక్కలు తాగేసరికి తల్లి చేపుతుంది. అప్పుడు దూడని లాగి, తల్లి నాకడానికి అందేంత దగ్గరలో కట్టేయాలి. ఇంటావిడ పితికాక మళ్లీ వదలాలి, మిగిలినవి దానికి. పొరపాటు జరిగేదంతా లాగడంలోనే. ఆలస్యం చేస్తే దూడ అన్నీ తాగేస్తుంది, తొందరపడితే తల్లి చేపదు. ఇంటావిడ చేతుల్ని కాదు, తల్లి పొదుగుని చూస్తూ ఉండండి.

ఈ మూడు పనులూ గొణక్కుండా చేస్తే నాలుగో రోజు ఆవిడే పాల బకెట్ మీ చేతికిస్తుంది.

8. పాలు, పెరుగు, గుర్రప్పాలు

పితకడం తెలిసినవాళ్లకి కూడా యాక్‌తో మొదట ఇబ్బందే. చనులు పొట్టి, వెంట్రుకలు అడ్డం, కొత్త మనిషి వాసన దానికి నచ్చదు. పక్కనే నిలబడి రెండు పూటలు చూడండి. తర్వాత ఇంటావిడ పితికిన ఆవుకే చివర్లో ప్రయత్నించండి. పొదుగు చూపించి, "బి హీజ్ బొలొఖ్ ఊ?" అనండి, 'నేను చేయొచ్చా' అని. "బొల్న" అంటే సరే. "బొలొఖ్‌గుయ్" అంటే వద్దు. అలిగి కూర్చోకండి.

గుర్రప్పాలు పగలంతా రెండేసి గంటలకి ఒకసారి పితుకుతారు. అది చూడటమే మీ పని, దగ్గరికి పోవద్దు. ఆ పాలని పులియబెట్టే తోలు సంచి తలుపు పక్కనే వేలాడుతుంటుంది, అందులో ఒక చిలుకు కర్ర. రోజుకి వేలసార్లు చిలకాలి. లోపలికి వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ నాలుగు పోట్లు వేసి వెళ్తారు. ఎవరూ చెప్పకుండా మీరు కూడా వేయండి. ఇంటి మనిషి అనిపించుకోవడానికి ఇంతకన్నా సులువైన దారి నాకు తెలియదు.

అలా తయారైన 'ఐరాగ్' మొదటి రోజు అరగిన్నె చాలు. కొత్త కడుపుకి పడదు. మొహమాటానికి రెండు గిన్నెలు తాగి రాత్రంతా "గుర్రాన్ని చూసొస్తా" అని బయటికి పరిగెత్తినవాళ్లలో నేనొకణ్ణి. (బయటికి వెళ్లడానికి వాళ్లు నిజంగానే వాడే మాట అది.)

9. గుర్రం

ఎప్పుడూ ఎడమ పక్క నుంచి వెళ్లండి, ఎడమ పక్క నుంచే ఎక్కండి. "చూ" అంటే నడువు అని. ఎగిరే స్కార్ఫ్, గరగరలాడే ప్లాస్టిక్ కవరు, జీను మీద కూర్చుని జాకెట్ విప్పడం, ఈ మూడూ గుర్రాన్ని బెదరగొడతాయి. పడేవాళ్లలో ఎక్కువమంది పరుగులో పడరు, ఇలా నిలబడ్డ చోటే పడతారు. ఒంటరిగా మంద తోలడానికి వెళ్లాలని సరదా పడకండి. గుర్రం రానివాళ్లు నడిచి వెళ్లొచ్చు, గొర్రెల వేగం మనిషి నడకే.

10. తిండి, ఆరోగ్యం

మాంసం, పిండి, పాలు. కూరగాయలు దాదాపు సున్నా. శాకాహారులకి వేసవిలో మీగడ, పెరుగు, ఆరూల్ అనే ఎండు పెరుగు ముక్కలతో గడుస్తుంది కానీ, రోజూ విడిగా వండమనడం బాగుండదు. పప్పు, అటుకులు, పచ్చడి వెంట తీసుకెళ్లి, ముందే చెప్పి వెళ్లండి.

- పచ్చి పాలు తాగకండి. బ్రూసెల్లోసిస్ అక్కడ పశువుల నుంచి మనుషులకి సోకే జబ్బు. కాచినవే తాగండి. ఈనే పశువుల దగ్గర చేతి తొడుగులు తీయకండి.
- 'తర్వగన్' అనే మార్మాట్‌ని (ఉడత జాతిలో పెద్ద జంతువు) ముట్టుకోకండి, మాంసం పెట్టినా తినకండి. ప్లేగు దాని నుంచి వస్తుంది.
- కుక్క కరిస్తే సబ్బు నీళ్లతో పావుగంట కడిగి, ముందస్తు టీకా వేయించుకున్నా సరే వెంటనే ఆస్పత్రికి బయల్దేరండి.
- అంబులెన్స్ నంబరు 103. సిగ్నల్ ఏ గుట్ట ఎక్కితే వస్తుందో మొదటి రోజే అడిగి, ఎక్కి చూసి రండి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

అడక్కుండా సాయం చేయడం అన్నిటికన్నా పెద్దది. ఒకాయన ఉత్సాహంగా మేకపిల్లల దడి తలుపు తీశాడు. పిల్లలన్నీ తల్లుల దగ్గరికి పరిగెత్తి పాలన్నీ తాగేశాయి. ఆ పూట ఇంటికి పాలు లేవు. ఎవరూ ఏమీ అనలేదు. అనరు కూడా, అదే చిక్కు. మీ పొరపాటు మీకు తెలిసేది ఇంటావిడ లేచి వెళ్లి ఆ పని మళ్లీ చేసినప్పుడు.

ఇంకొకటి, పొద్దస్తమానం ఫొటోలు. పాలు పితికేటప్పుడు, గొర్రెని కోసేటప్పుడు ఫోన్ జేబులో పెట్టండి. పని అయ్యాక అడిగి తీసుకోండి.

మధ్యాహ్నం ఖాళీగా ఉన్నారని టెన్షన్ పడటం కూడా పొరపాటే. రెండు గంటల నుంచి నాలుగింటి దాకా అక్కడ ఏమీ జరగదు. పడుకోండి.

బాగా జరుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

పొగడ్తల్ని నమ్మకండి, అతిథిని ఎలాగూ మెచ్చుకుంటారు. వీటిని చూడండి. టీ మీకు మొదట పోయడం మానేసి వరసలో పోస్తున్నారా? పిల్లలు మీ చేతిలోంచి తాడు లాక్కుని "ఇలా కాదు, ఇలా" అని చూపిస్తున్నారా? మీరు తెచ్చిన పిడకలు ఎవరూ తిరగేసి చూడకుండా పొయ్యిలో వేస్తున్నారా? వాన మొదలైతే పైకప్పు తాడు లాగమని మీకు కూడా కేక వేస్తున్నారా? వారం తిరిగేసరికి వీటిలో రెండు జరిగితే చాలు. ఒక్కటీ జరగకపోతే, ఇంకా దూడల దగ్గరే ఉండండి, పెద్ద పనులు అడగకండి.

తిరిగి వచ్చేటప్పుడు

చలిబట్టలు, టార్చి, మిగిలిన మందులు వదిలేసి వస్తామంటారు చాలామంది. మందులు వద్దు, వాడకం రాసి ఉన్నది వాళ్లు చదవలేరు. మిగతావి "కావాలా?" అని అడిగి ఇవ్వండి, పాతబట్టల మూట దింపి రావద్దు.

ఫొటోలు పంపుతామని అందరూ అంటారు, పంపేది తక్కువమంది. వెనక్కి వెళ్లేటప్పుడు ఉలాన్‌బాతర్‌లో ఒక రోజు ఉంచుకుని, అక్కడే ప్రింట్ వేయించి, కవరు మీద సోమ్ పేరు, ఇంటాయన పేరు, ఫోన్ నంబరు మంగోలియన్‌లో రాయించి, ఆ ఐమాగ్ బస్సు డ్రైవర్‌కి ఇవ్వండి. మూడో రోజు నాకు ఫోన్ వచ్చింది. మాటలు అర్థం కాలేదు, పాప మాత్రం వెనక నుంచి "అర్గల్, అర్గల్" అని అరుస్తూ నవ్వుతోంది.